వాన పడితే స్టార్ట్ అవ్వని 2002 స్ప్లెండర్: ఇంజన్ విప్పించాలా?

పాలబండి (జులై 8, ఉదయం 10:12)

అందరికీ నమస్కారం. మాది చోడవరం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు 2002లో కొన్న స్ప్లెండర్ ఇప్పుడు నేను నడుపుతున్నాను. రోజూ తెల్లవారుజామున ఐదింటికి రెండు క్యాన్ల పాలు కట్టుకుని సేకరణ కేంద్రానికి వెళ్లాలి. ఆరున్నర దాటితే పాలు తీసుకోరు.

ఎండ రోజుల్లో రెండో కిక్కుకి స్టార్ట్ అవుతుంది. ముసురు పట్టిందంటే మాత్రం ముప్పై, నలభై కిక్కులు కొట్టాలి. ఒక్కోసారి అప్పటికీ అవ్వదు. రాత్రి చూరు కిందే పెడతాను, కానీ పడమర గాలికి జల్లు కొడుతుంది. ఒకసారి స్టార్ట్ అయితే బాగానే వెళ్తుంది. దారిలో నీళ్ల గుంటలో పడితే టప్ టప్ మని కొట్టుకుని, కాస్త దూరం పోయాక మళ్లీ సర్దుకుంటుంది.

ఇప్పటిదాకా ప్లగ్ రెండుసార్లు, సీడీఐ (ప్లగ్గుకి సరైన సమయంలో కరెంటు పంపే చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా) ఒకసారి మార్చాం. కార్బొరేటర్ రెండుసార్లు క్లీన్ చేయించాను. మొత్తం 1,900 రూపాయలు అయింది. ఇప్పుడు మెకానిక్ కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే బలం) పోయింది, బోరు చేయించాలి, అంటే ఇంజన్ విప్పి అరిగిన సిలిండర్‌ని సరిచేయాలి అంటున్నాడు. అంత డబ్బు ఇప్పుడు నా దగ్గర లేదు. నిన్న నలభై లీటర్ల పాలు ఇంటికి వెనక్కి తెచ్చుకున్నాను. నిజంగా ఇంజన్ విప్పాలా? దయచేసి చెప్పండి.

కాకినాడ రైడర్ (జులై 8, ఉదయం 10:40)

బ్రదర్, బ్యాటరీ చూపించారా? వానాకాలంలో బ్యాటరీ డౌన్ అవుతుంది. ప్లగ్ మీద ఒక పాలిథిన్ కవర్ కట్టి చూడండి, మా నాన్న అదే చేసేవారు.

షెడ్డు మావయ్య (జులై 8, మధ్యాహ్నం 1:25)

తమ్ముడూ, ఇంజన్ మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకు. నేను రాజమండ్రిలో 27 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. కంప్రెషన్ పోయిన బండి ఎండలో కూడా సతాయిస్తుంది. ఎండలో రెండో కిక్కుకి అందుకునే బండికి వానలో మాత్రమే బోరు అరిగిపోదు కదా.

బ్యాటరీ సంగతి. నీ బండిలో ప్లగ్గుకి వచ్చే కరెంటు బ్యాటరీ నుంచి రాదు. మ్యాగ్నెట్ పక్కనున్న కాయిల్ నుంచి సీడీఐకి, అక్కడి నుంచి ఇగ్నిషన్ కాయిల్‌కి వస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చినా కిక్కుతో స్టార్ట్ అవ్వాలి. దాని మీద డబ్బు పెట్టొద్దు.

పాలిథిన్ కవర్ కూడా వద్దు. ఇంజన్ వేడికి కరిగి హెడ్డుకి అంటుకుంటుంది. పైగా లోపల చేరిన ఆవిరి బయటికి పోయే దారి ఉండదు.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఈసారి వానలో స్టార్ట్ కాకపోతే పదిహేను కిక్కులు కొట్టి ఆపెయ్. వెంటనే ప్లగ్ విప్పి చూడు. తడిగా ఉండి పెట్రోల్ వాసన వస్తే పెట్రోల్ అందుతోంది, కరెంటు సరిగ్గా లేదు. పొడిగా ఉంటే పెట్రోల్ వైపు చూడాలి. తర్వాత ఆ ప్లగ్గుని క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగం ఇంజన్ హెడ్డుకి ఆనించి, ఎవరినైనా కిక్కు కొట్టమను. నీలంగా, చిటుక్కుమని శబ్దంతో వస్తే మంచి కరెంటు. నారింజ రంగులో సన్నగా వస్తే బలం లేనట్టు.

రెండు జాగ్రత్తలు. ప్లగ్ విప్పిన రంధ్రానికి దూరంగా ఆనించు, అందులోంచి పెట్రోల్ ఆవిరి బయటికి వస్తుంది, అంటుకుంటుంది. క్యాప్‌ని ఉత్త చేత్తో పట్టుకోవద్దు. పొడి గుడ్డ చుట్టి గానీ, ప్లాస్టిక్ పిడి ఉన్న కటింగ్ ప్లయర్‌తో గానీ పట్టుకో. ఇది చేసి రాసేదాకా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు.

పాలబండి (జులై 10, ఉదయం 8:05)

మావయ్యగారూ, మీరు చెప్పినట్టే చేశాను. రాత్రంతా తుంపర పడింది. పొద్దున్న పదిహేను కిక్కులకీ అవ్వలేదు. ప్లగ్ విప్పితే తడిసి ముద్దగా ఉంది, పెట్రోల్ వాసన గట్టిగా వచ్చింది. కరెంటు సన్నగా, ఎర్రగా వచ్చింది. మూడు కిక్కులకి ఒకసారి అదీ లేదు. ప్లగ్ తుడిచి, పొయ్యి దగ్గర కాస్త వేడి చేసి పెడితే పదో కిక్కుకి అందుకుంది. ఆరున్నరకి రెండు నిమిషాల ముందు చేరాను.

నిన్న మధ్యాహ్నం ఎండ కాసినప్పుడు కూడా చూశాను. అప్పుడు నీలంగా, గట్టిగా వచ్చింది. అదే ప్లగ్.

ఓం నియమం (జులై 10, ఉదయం 9:30)

మీ చివరి రెండు మాటల్లోనే జవాబు ఉంది. అదే ప్లగ్, అదే సీడీఐ, ఎండలో మంచి స్పార్క్, తడిలో లేదు. అంటే కరెంటు తయారవుతోంది, ప్లగ్ చివరకి చేరేలోపు దారిలో కారిపోతోంది.

నేను ఎలక్ట్రికల్ వాడిని, ఉద్యోగరీత్యా మంగళూరులో ఉంటాను. ఇక్కడి వానల్లో ఇదే సమస్య నేనూ పడ్డాను. కాయిల్ నుంచి ప్లగ్గుకి వెళ్లేది పది వేల వోల్టులకి పైమాటే. అంత వోల్టేజీ ఉన్నప్పుడు సన్నటి పగులు చాలు. పొడిగా ఉన్నంతసేపు ఆ పగుల్లో ఉన్న గాలి ఆపుతుంది. దుమ్ము, ఆయిల్ జిడ్డు, బురద పేరుకున్న చోట తడి తగిలితే అది తీగలా పనిచేస్తుంది. నీళ్లు ఒక్కటే అయితే అంత నష్టం లేదు, మురికితో కలిసినప్పుడే ప్రమాదం. కరెంటు ప్లగ్ చివర దూకాల్సింది పోయి దగ్గర్లో ఉన్న ఇనుముకి దూకేస్తుంది. అలా చాలాసార్లు దూకిన చోట పెన్సిల్ గీత లాంటి నల్లటి చార పడుతుంది. మీరు తీసేసిన పాత ప్లగ్‌లు ఉంటే తెల్ల పింగాణీ మీద అలాంటి గీత ఉందేమో చూడండి.

ఎక్కడ కారుతోందో కంటితోనే చూడొచ్చు. రాత్రి బాగా చీకటి పడ్డాక, లైట్లన్నీ ఆపి, బండి ఆరుబయట పెట్టి స్టార్ట్ చేయండి. ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసా ఉంటుంది కదా, దానితో ప్లగ్ క్యాప్ మీద, వైరు మీద, ట్యాంకు కింద కాయిల్ మీద ఒక్కో చోట కొద్దిగా చల్లండి. ఒకేసారి అన్నిటి మీదా చల్లితే ఏది కారణమో తెలియదు. కారే చోట నీలం రంగు సన్నటి మెరుపులు కనిపిస్తాయి, ఇంజన్ కూడా తడబడుతుంది. చెయ్యి దూరంగా ఉంచండి.

పాత బుల్లెట్ (జులై 10, మధ్యాహ్నం 12:15)

నాది 1989 స్టాండర్డ్ 350. దానిలో సీడీఐ లేదు, దాని బదులు కరెంటుని కలుపుతూ తెంచుతూ ఉండే ప్లాటినం పాయింట్లు ఉంటాయి. వానాకాలం వచ్చిందంటే ముందు పాయింట్ల మూత విప్పి లోపల చెమ్మ తుడుస్తాను, పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో గేజీ పెట్టి చూస్తాను. పాయింట్ల మీద ఆయిల్ తడి చేరినా, కండెన్సర్ బలహీనపడినా ఇలాగే ఎర్ర స్పార్క్ వస్తుంది. తమ్ముడి బండికి ఇది వర్తించదని తెలుసు. పాత రాజ్‌దూత్, బుల్లెట్ ఉన్నవాళ్లు ఈ చర్చ చదివితే పనికొస్తుందని రాశాను.

ఆర్ఎక్స్ అభిమాని (జులై 10, మధ్యాహ్నం 2:50)

మా ఆర్ఎక్స్ 100కి కూడా తడి ప్లగ్ బాధ ఉండేది. టూ స్ట్రోక్ కాబట్టి రాత్రి పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద ఉండే కుళాయి) కట్టకపోతే పొద్దున్నకి ప్లగ్ తడిసిపోయేది. పాలబండి గారూ, మీరు రాత్రి కాక్ ఆఫ్ చేస్తున్నారా? ముప్పై కిక్కులూ చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట) వేసే కొడుతున్నారా?

పాలబండి (జులై 10, రాత్రి 7:20)

కాక్ ఎప్పుడూ కట్టలేదు అన్నా. చోక్ మాత్రం స్టార్ట్ అయ్యేదాకా వేసే ఉంచుతున్నాను. పాత ప్లగ్‌లు రెండూ దొరికాయి, ఒకదాని తెల్ల భాగం మీద నిజంగానే నల్ల గీత ఉంది!

షెడ్డు మావయ్య (జులై 10, రాత్రి 8:00)

అందుకే ప్లగ్ ముద్దయిపోతోంది. కరెంటు బలం తక్కువ, పైగా చోక్ వేసి ముప్పై కిక్కులు. ప్రతి కిక్కుకీ ఇంకాస్త పెట్రోల్ పోస్తున్నావు. రెండు మూడు కిక్కులకి చోక్ పెట్టు, అందుకోకపోతే చోక్ తీసెయ్. అప్పటికే తడిసిపోయిందని అనుమానం వస్తే చోక్ లేకుండా ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారు కిక్కులు కొట్టు. గాలి ఎక్కువ వెళ్లి లోపల తడి ఆరుతుంది.

చీకటి పరీక్ష చెయ్యి. ఓం నియమం గారు బాగా చెప్పారు. మా గురువుగారు కూడా మాకు అలాగే నేర్పారు, ఆయన తడి గుడ్డతో తట్టి చూసేవారు.

పాలబండి (జులై 11, రాత్రి 9:45)

దొరికింది! నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

మా చెల్లి సీసాతో నీళ్లు చల్లింది, నేను ఎక్సలేటర్ పట్టుకున్నాను. ముందు కాయిల్ మీద చల్లాం, ఏమీ కాలేదు. వైరు మీద చల్లితే ట్యాంకు కింద ఫ్రేముకి ఆనుకున్న చోట నీలంగా ఒక చుక్క మెరిసింది. ఇంజన్ ఒకసారి దగ్గింది. ప్లగ్ క్యాప్ మీద చల్లగానే క్యాప్ అంచు నుంచి హెడ్డుకి రెండు మూడు చోట్ల మెరుపు తీగలు దూకాయి, ఇంజన్ ఆగిపోయింది. ఇన్నాళ్లూ కళ్ల ముందే ఉన్నది కనబడలేదు.

క్యాప్ విప్పి చూశాను. దాని కింది అంచులో ఉండాల్సిన రబ్బరు రింగు అసలు లేదు. వైరు వచ్చి చేరే పై చివర రబ్బరు కూడా ఎండి చీలిపోయింది. వైరు మీద గోరుతో గీరితే పొడి రాలుతోంది.

షెడ్డు మావయ్య (జులై 12, ఉదయం 6:50)

శభాష్ తమ్ముడూ. ఇది కంపెనీ లోపం కాదు. ఇరవై ఏళ్లు దాటిన రబ్బరు ఎవరిదైనా ఎండుతుంది. క్యాప్ ఎప్పుడో ఎవరో విప్పి, రింగు లేకుండా పెట్టి ఉంటారు. వాటర్ వాష్ కొట్టించినప్పుడు గట్టి ప్రెషర్‌తో సూటిగా ప్లగ్ మీద కొడితే కూడా లోపలికి నీళ్లు వెళ్తాయి. అక్కడ సూటిగా కొట్టొద్దని ముందే చెప్పాలి.

ఇప్పుడు చేసే పని. రెండు చివరలా రబ్బరు ఉన్న కొత్త క్యాప్ తీసుకో. 5 కిలో ఓంల రెసిస్టర్ ఉన్నది అడుగు, షాపువాడికి తెలుస్తుంది. పాత క్యాప్‌ని లాగొద్దు. స్క్రూలా ఎడమకి తిప్పితే ఊడి వస్తుంది. లోపల వైరు చివర పచ్చగా, నల్లగా తుప్పు పట్టి ఉంటుంది. పదునైన బ్లేడుతో అర సెంటీమీటరు కోసేస్తే మెరిసే రాగి పోగులు కనబడతాయి. కొత్త క్యాప్‌లో వైరు నిటారుగా పెట్టి కుడికి తిప్పుతూ బిగించు. లోపలి స్క్రూ సరిగ్గా రాగి మధ్యలోకి ఎక్కాలి.

వైరు ఫ్రేముకి ఆనుకునే చోట పగిలింది కాబట్టి క్యాప్ మార్చినంత మాత్రాన సరిపోదు. చాలా కాయిల్స్‌కి వైరు కాయిల్‌లోనే కలిసిపోయి ఉంటుంది, విడిగా రాదు. అలాంటిదైతే కాయిల్ మొత్తం మార్చడమే మంచిది. టేపు చుడితే పది రోజులు వస్తుంది, తర్వాత టేపు కింద చెమ్మ చేరి ఇంకా పాడవుతుంది. వైరు మీద మందపాటి రబ్బరు గొట్టం ఎక్కించి ఫ్రేముకి దూరంగా కట్టు.

ఇంకోటి, కాయిల్ బోల్టు దగ్గర ఫ్రేము తుప్పు పట్టి ఉంటుంది. ఉప్పు కాగితంతో రుద్ది ఇనుము మెరిసేలా చేసి, అప్పుడు బిగించు. ఎర్త్ సరిగ్గా లేకపోతే కొత్త కాయిల్ పెట్టినా కరెంటు నీరసంగానే వస్తుంది. ప్లగ్ సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. సందు ఎక్కువైతే కరెంటు దూకడం కష్టమై, ఎక్కడ సులువుగా ఉంటే అక్కడికి దూకుతుంది.

ఓం నియమం (జులై 12, ఉదయం 7:30)

క్యాప్ లోపల రబ్బరు అంచున బఠాణీ గింజంత సిలికాన్ గ్రీజు రాయండి. మామూలు బేరింగ్ గ్రీజు రాయొద్దు, అది రబ్బరుని ఉబ్బిస్తుంది. డబ్ల్యూడీ-40 కొట్టడం గురించి చాలామంది అడుగుతారు. ఆ పేరులోనే నీటిని తొలగించేది అని ఉంది. తడిసిన క్యాప్ మీద కొడితే అప్పటికప్పుడు స్టార్ట్ అవ్వడానికి పనికొస్తుంది. అది పగులుని పూడ్చదు, కొన్ని రోజుల్లో దాని మీద దుమ్ము అంటుకుని మళ్లీ మొదటికి వస్తుంది.

పాలబండి (జులై 14, సాయంత్రం 6:10)

కాయిల్, క్యాప్ రెండూ మార్చాను. మీరు చెప్పినట్టు బోల్టు దగ్గర రుద్దితే బొగ్గులా నల్లటి తుప్పు రాలింది. నిన్న రాత్రి వాన పడింది. పొద్దున్న మూడో కిక్కుకి స్టార్ట్! మా అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి చూసింది. రెండు రోజులు చూసి మళ్లీ రాస్తాను.

మన్యం నర్సమ్మ (జులై 14, రాత్రి 9:00)

తమ్ముడూ, చదువుతుంటే నాకే సంతోషంగా ఉంది. నేను పాడేరు వైపు ఏఎన్ఎంగా పనిచేస్తాను, మా నాన్న పాత సీడీ 100 మీదే ఊళ్లు తిరుగుతాను. నాకు వచ్చిన సమస్య ఇంకొకటి, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

పోయిన ఏడాది కొండ మీద పొగమంచు, వాన కలిసి పడుతుంటే బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. ప్లగ్, కాయిల్, వైరు అన్నీ కొత్తవే. చివరికి తాళం చెవి పెట్టే స్విచ్చి తడవడం వల్ల అని తేలింది. ఈ పాత బళ్లలో తాళం ఆఫ్ చేస్తే కరెంటు తెగదట, సీడీఐ నుంచి వచ్చే ఒక వైరుని ఎర్త్‌కి కలుపుతుందట. స్విచ్చి లోపల నీళ్లు చేరితే తాళం ఆన్‌లో ఉన్నా ఎర్త్ అయి బండి ఆగిపోతుంది. మెకానిక్ ఆ నలుపు మీద తెల్ల చార ఉన్న వైరు కనెక్టర్ విప్పగానే బండి స్టార్ట్ అయింది. వ్యాక్సిన్ పెట్టె భుజాన వేసుకుని రెండు గంటలు నడిచిన రోజు అది, మర్చిపోలేను.

షెడ్డు మావయ్య (జులై 14, రాత్రి 9:35)

నర్సమ్మ గారూ, మంచి మాట గుర్తు చేశారు. చాలామంది మెకానిక్‌లు కూడా అది చూడరు. ఒక్కటి కలుపుతాను. ఆ వైరు విప్పి నడిపితే తాళం ఆఫ్ చేసినా ఇంజన్ ఆగదు. గేరులో పెట్టి, బ్రేకు నొక్కి, క్లచ్ మెల్లగా వదిలి ఆపాలి. దారిలో ఇంటికి చేరడానికే అలా నడపండి, తర్వాత స్విచ్చి మార్పించండి. హ్యాండిల్ తిప్పినప్పుడు ఆ వైరు నలిగి చర్మం లేచినా ఇదే జరుగుతుంది.

పాలబండి (జులై 19, ఉదయం 9:20)

మళ్లీ సమస్య. మొన్న పగలంతా కుండపోత. బజారులో మూడు గంటలు బండి తడిసింది. సాయంత్రం స్టార్ట్ అయి, అర నిమిషం నడిచి ఆగిపోయింది. మళ్లీ కిక్కు కొడితే ఒకసారి అందుకుని ఆగింది. ఈసారి కరెంటు చూశాను, నీలంగా బాగుంది. ప్లగ్ తడిగా ఉంది కానీ పెట్రోల్ వాసన తక్కువ. చాలా టెన్షన్‌గా ఉంది. కొత్త కాయిల్ వృథా అయిందా?

ఆర్ఎక్స్ అభిమాని (జులై 19, ఉదయం 9:55)

వృథా కాలేదు. ఇది వేరే సమస్య. పెట్రోల్‌లో నీళ్లు. కార్బొరేటర్ కింద గిన్నెకి ఒక డ్రెయిన్ స్క్రూ, దానికి సన్నటి గొట్టం ఉంటాయి. చల్లారిన ఇంజన్ మీద, నిప్పుకి దూరంగా, గొట్టం కింద తెల్ల గాజు సీసా పెట్టి స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి. సీసాని పది నిమిషాలు కదపకుండా ఉంచి చూడండి.

కాకినాడ రైడర్ (జులై 19, ఉదయం 10:30)

ఇదంతా ఇథనాల్ పెట్రోల్ వల్లే బ్రదర్. పాత బళ్లని అది చంపేస్తోంది.

ఓం నియమం (జులై 19, ఉదయం 11:15)

దీన్ని కాస్త జాగ్రత్తగా చెప్పుకోవాలి. మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. 2002 నాటి బండిని దాని కోసం తయారు చేయలేదన్నది నిజమే. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు త్వరగా గట్టిపడటమో ఉబ్బడమో జరగొచ్చు. కానీ ట్యాంకులోకి వాన నీళ్లని తెచ్చేది ఇథనాల్ కాదు. నీళ్లు ఎక్కడో ఒక దారిలో రావాలి.

నీళ్లు వచ్చాక మాత్రం దాని ప్రభావం ఉంటుంది. ఇథనాల్ కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. అది మోయగలిగిన హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకి దిగుతాయి. కాక్ పెట్రోల్ తీసుకునేది అడుగు నుంచే. అందుకే మామూలు పెట్రోల్‌లో చెంచాడు నీళ్లు ఉన్నప్పటికంటే ఈ పెట్రోల్‌లో అడుగున చేరే పొర మందంగా ఉంటుంది. ట్యాంకు సగం ఖాళీగా పెట్టి నెలల తరబడి నిలబెట్టే బళ్లకి ఇది ఎక్కువ. పాలబండి గారిది రోజూ తిరిగే బండి, ముందు నీళ్లు వచ్చే దారి వెతకండి.

పాలబండి (జులై 19, సాయంత్రం 5:40)

సీసాలో అడుగున వేలెడు మందాన వేరే పొర కనబడింది. పై పెట్రోల్ ఒక రంగు, కింద మసగ్గా ఇంకో రంగు. రెండోసారి పట్టినప్పుడు కూడా కొంచెం వచ్చింది, మూడోసారి రాలేదు. ఆ తర్వాత బండి రెండో కిక్కుకి స్టార్ట్ అయింది.

ట్యాంకు మూత తిప్పి చూస్తే లోపలి రబ్బరు వాషర్ రాయిలా గట్టిపడి, ఒక పక్క ముక్క ఊడిపోయి ఉంది. అక్కడి నుంచే వాన నీళ్లు దిగుతున్నాయి అనుకుంటున్నాను.

షెడ్డు మావయ్య (జులై 19, సాయంత్రం 7:00)

అదే దారి. మూతకి కొత్త వాషర్ వేయించు. అది దొరికేదాకా ఎక్కడ ఆపినా మూత మీద ఒక ప్లాస్టిక్ గిన్నె బోర్లించు. మూత ట్యాంకులోకి గుంటగా దిగి ఉండే మోడళ్లలో నీళ్లు బయటికి పోవడానికి చిన్న రంధ్రం, కింద గొట్టం ఉంటాయి. అవి మట్టితో పూడిపోతే గుంటలో నీళ్లు నిలిచి లోపలికి దిగుతాయి. అలాంటి బళ్లు ఉన్నవాళ్లు సన్నటి తీగతో పొడిచి చూసుకోండి.

నీ ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ చేయించాలి. కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేస్తే ఈ రోజుకి గడుస్తుంది, ట్యాంకు అడుగున మిగిలింది రేపు మళ్లీ గిన్నెలోకి వస్తుంది. కాక్ కింద చిన్న కప్పు ఉంటే అది కూడా విప్పి జాలీ కడుగు. ఎర్రటి తుప్పు పొడి వస్తే చెప్పు, ఆ సంగతి వేరేగా చూద్దాం. ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూడు తమ్ముడూ. లోపలి స్పాంజి తడిసి బరువెక్కి ఉంటే గాలి అందక ప్లగ్ మళ్లీ నల్లబడుతుంది.

బెజవాడ నివాసి (జులై 20, ఉదయం 8:45)

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా బండి రెండు రోజులు పూర్తిగా మునిగిపోయింది. నీళ్లు తీయగానే మా పక్కింటి అబ్బాయి ఆత్రంగా తన బండికి కిక్కు కొట్టాడు. సిలిండర్‌లో నీళ్లు ఉన్నాయి. నీళ్లు గాలిలా నలగవు కదా, లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. మా బండిని మేం ముట్టుకోలేదు. ప్లగ్ విప్పి, మెల్లగా చేత్తో కిక్కు దింపితే రంధ్రంలోంచి నీళ్లు చిమ్మాయి. ఇంజన్ ఆయిల్ పాలు ఎక్కువైన టీలా తెల్లగా మారింది. ఆయిల్ రెండుసార్లు మార్చి, కార్బొరేటర్, ఫిల్టర్, సైలెన్సర్ ఆరబెట్టాక నడిచింది. సైలెన్సర్ మునిగేంత నీళ్లలో బండి ఆగిపోతే అక్కడ కిక్కు కొట్టకండి. నెట్టుకుని ఒడ్డుకి తెచ్చుకోండి.

పాత బుల్లెట్ (జులై 20, ఉదయం 10:10)

చాలా ముఖ్యమైన మాట. ఆయిల్ రంగు చూడమని వానాకాలంలో నేను కూడా అందరికీ చెబుతాను.

పాలబండి (ఆగస్టు 17, మధ్యాహ్నం 1:30)

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. నాలుగు వారాలు అయింది. మధ్యలో మూడు రోజుల ముసురు పట్టింది, ఒక రోజు వాగు రోడ్డు మీదకి వచ్చింది. ఆ రోజు బెజవాడ అన్న మాట గుర్తొచ్చి వాగు దాటలేదు. చుట్టూ తిరిగి వెళ్తే ఆలస్యమైంది, కానీ కేంద్రంలో విషయం చెబితే ఆ ఒక్క రోజుకి పాలు తీసుకున్నారు. మిగతా రోజులన్నీ రెండో కిక్కు, మహా అయితే నాలుగో కిక్కు.

ట్యాంకు ఖాళీ చేయించాం. అడుగున తుప్పు కొద్దిగానే ఉంది, పెట్రోల్ పోసి రెండుసార్లు కడిగాను. మూత వాషర్, కాక్ జాలీ కొత్తవి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిస్తే స్పాంజి సగం చిరిగిపోయి ఉంది, అదీ మార్చాను. కాయిల్, క్యాప్, వాషర్, ఫిల్టర్ అన్నీ కలిపినా మొదట అనవసరంగా పెట్టిన 1,900 కంటే తక్కువే అయింది. ఇప్పుడు రాత్రి కాక్ కట్టడం అలవాటైంది. చీకటి పరీక్ష మా ఊళ్లో ఇంకో ఇద్దరి బళ్లకి చేసి చూపించాను. ఒక బండికి క్యాప్ దగ్గరే దొరికింది.

మావయ్యగారూ, ఒక్క అనుమానం మిగిలింది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయగానే పైన టిక్ టిక్ మని చప్పుడు వస్తోంది, వేడెక్కాక తగ్గుతుంది. ఇది కూడా చూడాలా?

షెడ్డు మావయ్య (ఆగస్టు 17, సాయంత్రం 6:20)

టాపెట్లు (వాల్వులని తెరిచే భాగాలు) వదులయ్యాయి తమ్ముడూ, భయపడొద్దు. రాత్రంతా ఆగి పూర్తిగా చల్లారిన ఇంజన్ మీద చూడాలి. రెండు వాల్వులకీ సందు 0.05 మిల్లీమీటర్లు. చప్పుడు పోవాలని మరీ బిగించనివ్వకు, కొంచెం చప్పుడు ఉంటేనే మంచిది. సందు లేకుండా బిగిస్తే వాల్వు సరిగ్గా మూసుకోక అప్పుడు నిజంగానే కంప్రెషన్ పోతుంది. ఎప్పుడైనా రాజమండ్రి వైపు వస్తే బండి మీదే రా, నేనే సరిచేసి పంపిస్తాను.

పాలబండి (ఆగస్టు 17, రాత్రి 8:05)

తప్పకుండా వస్తాను మావయ్యగారూ. పుష్కరాలకి మా అమ్మని గోదావరికి తీసుకువెళ్లాలని ఉంది. అప్పుడు ఈ బండినే తెస్తాను, నెయ్యి కూడా తెస్తాను.